వంకరపోతున్న గంజపా, తెల్లవార్లూ ప్రహ్లాద నాటకం
కళలూ కాలక్షేపాలూ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒడిశా రాష్ట్రపు గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు ఇళ్ళ నుంచి వచ్చాయి. "ఇక్కడ చూడ్డానికి ఏముందండీ?" అని అడిగినవారు ఇద్దరున్నారు. వాళ్ళకు విడిగా జవాబు రాయలేదు. కింద మిగతా ఉత్తరాలు చదివితే సరిపోతుంది.

ప్రశ్న: మా తాతగారి దగ్గర గుండ్రటి గంజపా పేకముక్కలు ఉండేవి. అవి చెదలు తినేశాయి. ఇంట్లోనే ఒక కట్ట తయారు చేద్దామని మొదలెట్టాను. పాత పంచె రెండు పొరలు అంటించి, సుద్ద పూసి, కత్తెరతో కత్తిరించాను. సగం ముక్కలు గిన్నెల్లా వంగిపోయాయి. వార్నిష్ వేసినవి ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. ఎక్కడ తప్పింది? ఆట కూడా కొంచెం చెప్పండి.
– ఎస్. వి. ఆర్., పర్లాకిమిడి

జవాబు: ముందు ఎన్ని ముక్కలు కావాలో తేల్చుకోండి. రంగుకి, అంటే పేకలో ఇస్పేటు, ఆటీను లాంటి ఒక్కో జాతికి, 12 ముక్కలు: రాజు, మంత్రి, 1 నుంచి 10 దాకా అంకెలు. ఎనిమిది రంగుల అఠరంగి కట్టలో 96, దశావతారాల పది రంగుల కట్టలో 120, పన్నెండు రంగులైతే 144. మొదటిసారి చేసేవారికి 96 చాలు. ఇంట్లో ఆడించే నలుగురికీ అదే అనువు, తలకి 24 వస్తాయి.

ముక్క వ్యాసం 6 సెంటీమీటర్లు పెట్టుకుంటే, మధ్య సందుతో కలిపి ఒక్కోదానికి 6.5 పడుతుంది. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డలో వరసకి 15 చొప్పున తొమ్మిది వరసలు, అంటే 135 వస్తాయి. చెడిపోయినవి తీసేసినా కట్ట నిండుతుంది. అలాంటి గుడ్డలు మూడు కావాలి. మీరు రెండు పొరలే వేయడం వంగడానికి మొదటి కారణం. నేతలో పడుగు ఒకలా సాగుతుంది, పేక ఇంకోలా సాగుతుంది. మొదటి గుడ్డ పడుగు నిలువుగా ఉంటే రెండోది అడ్డంగా, మూడోది మళ్ళీ నిలువుగా వేయాలి. అప్పుడు పై పొర లాగే లాగుడూ కింది పొర లాగే లాగుడూ సమానమై మధ్య పొర కదలదు. రెండో కారణం సుద్ద ఒక పక్కే పూయడం. మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు గానీ, ముక్కలన్నీ ఒకే దిక్కుకి వంగాయంటే అదే అయివుంటుంది. ముందు రెండు పూతలు వేస్తే వెనకా రెండు వేయాలి. మూడోది ఎండ. తడి గుడ్డని నేరుగా మధ్యాహ్నపు ఎండలో పెడితే పైభాగం ముందు బిగుసుకుంటుంది. నీడలో, గాలి ఆడేచోట సగం ఆరనిచ్చి, రెండు చెక్కల మధ్య పెట్టి, పైన బరువుంచి రెండు రోజులు వదిలేయండి.

జిగురు సంగతి. చింతపిక్కలు దోరగా వేయించి పొట్టు తీయండి. 200 గ్రాముల పప్పు రెండు రాత్రులు నానబెట్టి మెత్తగా రుబ్బి, లీటరున్నర నీళ్ళలో కలిపి సన్నని సెగ మీద అరగంట, ముప్పావుగంట తిప్పుతూ ఉడికించాలి. తిప్పడం ఆపితే అడుగంటి గడ్డలు కడుతుంది. పల్చటి గుడ్డలో వడగట్టి ఆరోజే వాడేయండి, మన ఉక్కకి రెండో రోజుకి పులిసి నీళ్ళవుతుంది. పులిసిన జిగురుతో అంటించిన పొరలు తర్వాత విడిపోతాయి, బూజు కూడా పడుతుంది. సుద్దపొడిని ఇదే జిగురుతో దోసెపిండి జారుగా కలపండి. ఆరాక వేలితో రుద్ది చూడండి. తెల్లగా చేతికి వస్తే జిగురు తక్కువైంది, గోరుతో గీస్తే పెచ్చులా లేస్తే ఎక్కువైంది. తర్వాత గరుకు రాయితో ఒకసారి, నున్నటి గులకరాయితో ఒకసారి రుద్దాలి. చేతులు నొప్పెడతాయి గానీ ఈ పని ఎగ్గొడితే రంగు పీల్చేసుకుని గీతలు అలుక్కుపోతాయి.

కత్తెర మానేయండి. కత్తెరతో కోసిన గుండ్రం ఏ రెండూ ఒకలా రావు. నాలుగు ఆటలయ్యేసరికి అంచు చూసి ఎదుటివాడి చేతిలో ఏముందో చెప్పేస్తారు. కమ్మరి దగ్గర 6 సెంటీమీటర్ల ఇనప గొట్టం ముక్కకి ఒక అంచు సానపట్టించుకుని, కింద మెత్తటి చెక్క పెట్టి సుత్తితో కొట్టండి. ఆ అంచు లోపలివైపు నిటారుగా ఉండి, బయటివైపే సాన పట్టాలి. లేకపోతే ముక్క అంచు నలుగుతుంది. వెనక పూసే రంగు కట్టకి సరిపడా ఒకేసారి కలుపుకోండి. రెండోసారి కలిపితే ఛాయ మారుతుంది, అదీ గుర్తే.

పాతకాలంలో ఎరుపుకి ఇంగిలీకం, పసుపుకి హరిదళం వాడేవారు. మొదటిదాంట్లో పాదరసం, రెండోదాంట్లో పాషాణం ఉన్నాయి. పిల్లలు పట్టుకుని ఆడే ముక్కలకి, నోట్లో వేలు పెట్టుకునే ఇంట్లో, సంప్రదాయం పేరుతో అవి వద్దు. యాక్రిలిక్ రంగులు చాలు. నలుపు మాత్రం దీపపు మసిని వెలగ బంకతో నూరి చేసుకుంటే దాని అందమే వేరు, దాంతో ప్రమాదమూ లేదు.

అంటుకోవడానికి కారణం వార్నిష్. వడ్రంగులు వాడే చప్డా లక్క 100 గ్రాములు అర లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నాననిచ్చి, వడగట్టి, పల్చగా రెండు పూతలు వేయండి. పూతకీ పూతకీ మధ్య కనీసం గంట. మబ్బు పట్టిన రోజున వేస్తే గాలిలో తేమకి తెల్లగా మంచు పట్టినట్టవుతుంది. చలికాలంలో పొద్దున పది నుంచి మూడు లోపల వేయడం మంచిది. స్పిరిట్ ఉన్నచోట పొయ్యి, అగరువత్తి ఉండకూడదు. ఇప్పటికే అంటుకున్న ముక్కల్ని బలవంతంగా లాగకండి. ఒక పూట ఫ్రిజ్‌లో పెడితే పూత పెళుసెక్కి సన్నటి బద్దతో విడదీయొచ్చు.

ఇక ఆట. ఇందులో తురుపు లేదు. సగం రంగుల్లో రాజు, మంత్రి, ఆపైన 10, 9 అలా కిందికి దిగుతుంది. మిగతా సగంలో రాజు, మంత్రి తర్వాత 1 పెద్దది, 10 అన్నిటికన్నా చిన్నది. పేకాట అలవాటున్నవాళ్ళు ముందు ఇక్కడే బోల్తా పడతారు. ఏ రంగులు ఎటువైపో కట్ట చేసేటప్పుడే తేల్చుకుని, అటువైపు నాలుగింటికి అంచు గీత ఒక రంగు, ఇటువైపు నాలుగింటికి ఇంకో రంగు వేసేయండి. అంచు గీత ముఖం వైపే ఉండాలి సుమా. గెలుపంతా జ్ఞాపకంలో ఉంది. ఒక రంగులో రాజు పడిపోయాడంటే మంత్రే పెద్ద, మంత్రీ పోతే తర్వాతది. ఎనిమిది రంగుల్లో ఏది ఎంతవరకు దిగిందో తలలో పెట్టుకున్నవాడిదే ఆట. పంచే పద్ధతి, మొదటి ముక్క ఎవరు వేయాలన్నది ఊరికో తీరు. మీ ఊళ్ళో ఇంకా ఆడే పెద్దలెవరైనా ఉంటే వాళ్ళ తీరే పట్టుకోండి. పుస్తకంలో చూసి వేరే తీరు నేర్చుకుంటే వాళ్ళతో కూర్చోలేరు.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం, బదిలీ మీద ఛత్రపురం వచ్చాం. మాది తెనాలి, ఒడియా రాదు. ఇక్కడ ప్రహ్లాద నాటకం, దండనాట, భరతలీల అని వింటున్నాం. మాకు అర్థమవుతాయా? రాత్రంతా కూర్చోవాలట, పిల్లలతో వీలవుతుందా?
– పి. ఎల్. కె., ఛత్రపురం

జవాబు: మూడూ ఒకేసారి పెట్టుకోకండి. భాష రానివారు ప్రహ్లాద నాటకంతో మొదలెట్టాలి, తర్వాత దండనాట, చివర భరతలీల. భరతలీల కథ అర్జునుడు, సుభద్రల పెళ్ళే, మనకు తెలిసిందే. కానీ దాని ప్రాణం ద్వారపాలకుడి మాటల్లో ఉంది. వాడు అర్జునుడితో, సఖితో ఆడే వాదం, వేసే చతుర్లు ఒడియా పట్టుబడితే గానీ అందవు. చుట్టూ జనం పగలబడి నవ్వుతుంటే మీరు బిక్కమొహం వేసుకుని కూర్చోవాలి.

ప్రహ్లాద నాటకానికి ఆ బాధ లేదు. కథ ప్రతి తెలుగు పిల్లాడికీ తెలుసు. పైగా ఇది పుట్టిందే మన సరిహద్దులో. నాటకం జలంతర రాజా రామకృష్ణ ఛోటరాయ పేరు మీద ఉంది, ఆ జలంతర ఇప్పటి శ్రీకాకుళం జిల్లా జలంత్రకోట. మన యక్షగానం, వీధిభాగవతం ఎరిగినవారికి నడక కొత్తగా ఉండదు. రాగం ఎత్తుకోవడం, దరువు పట్టడం, పాత్ర తనను తాను చెప్పుకుంటూ ప్రవేశించడం అన్నీ చుట్టరికంగానే అనిపిస్తాయి. కథ నడిపేది గాహకుడు, అంటే పాడేవాడు. పక్కన మద్దెల, తాళాలు, హార్మోనియం, ముఖవీణ. ఆడ పాత్రలు మగవాళ్ళే కడతారు.

చూడాల్సింది వేదిక. ఐదు నుంచి ఏడు మెట్లతో ఎత్తుగా కడతారు, హిరణ్యకశిపుడు పైమెట్టు మీద సింహాసనంలో ఉంటాడు. బరువైన మఖమల్ దుస్తులు, కిరీటంతో ఆ ఇరుకు మెట్ల మీద ఎగురుతూ దిగడం, వెనక్కి ఎక్కడం, ఒక్క మెట్టు తప్పకుండా తాళానికి అడుగు వేయడం, వేషగాడి సత్తా అంతా అక్కడే తేలుతుంది. అందుకని మరీ ముందు వరసలో కూర్చోకండి. పై మెట్టుకి మెడ ఎత్తి ఎత్తి నొప్పి పుడుతుంది, కింది మెట్టు మీద పాదాలు కనబడవు. పది, పన్నెండు అడుగుల వెనక, కాస్త పక్కకి, వాద్యగాళ్ళ ఎదురుగా ఉన్న చోటు మేలు. లౌడ్ స్పీకర్ ముందు మాత్రం పిల్లల్ని కూర్చోబెట్టవద్దు.

రాత్రి మొదలై తెల్లారేదాకా సాగుతుంది. మొత్తం కూర్చోవడం మొదటిసారి ఎవరికీ అవదు, అవసరమూ లేదు. మొదటి గంటన్నర పూజ, ప్రవేశాలు, హిరణ్యకశిపుడి రాజసం చూసి ఇంటికెళ్ళి పడుకోండి. మూడున్నర, నాలుగింటికి మళ్ళీ రండి. స్తంభం లోంచి నృసింహుడు వచ్చేది తెల్లవారుజామునే. ఆ మొహం తొడుగు మామూలు రోజుల్లో గుడిలో పూజలందుకుంటుంది, అది కట్టినవాడికి పూనకం వస్తుంది, నలుగురు బలమైనవాళ్ళు పట్టుకుని ఆపుతుంటారు. చిన్నపిల్లలు జడుసుకుంటారు, ఆ సమయంలో ఒళ్ళో పెట్టుకోండి. దారికి అడ్డంగా నిలబడి ఫోన్‌తో ఫొటో తీయబోకండి, నెట్టేస్తారు. నెట్టడమే న్యాయం.

పాటలు దాచుకోవాలంటే వీడియో జోలికి పోకుండా ధ్వని మాత్రమే రికార్డు చేయండి. మామూలు నాణ్యతలో గంటకి 60 ఎంబీ లోపే అవుతుంది, అదే వీడియో అయితే గంటకి 4 నుంచి 8 జీబీ మింగుతుంది. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, స్పీకర్‌కి దూరంగా, మద్దెలకి దగ్గరగా, ఒక మెత్తటి కండువా మీద ఉంచండి. గట్టి బల్ల మీద పెడితే అదురు కూడా రికార్డవుతుంది. ముందుగా నాటకం గురువుగారిని అడగడం మర్యాద.

దండనాటకి వేళ కుదుర్చుకోవడం సులువు. మేష సంక్రాంతితో, అంటే ఏప్రిల్ 13 లేదా 14తో ముగుస్తుంది, అంతకుముందు 13 రోజులో 21 రోజులో దళం ఊరూరా తిరుగుతుంది. పగలు మండుటెండలో దుమ్ములో చేసేది ధూళి దండ, చెరువులో చేసేది పాణి దండ, రాత్రికి వేషాలు, ఆటలు. పిల్లలకి నచ్చేది రాత్రి ఆట. దీక్షలో ఉన్న భోక్తల్ని ముట్టుకోకూడదు, వాళ్ళ వంటచోటుకి వెళ్ళకూడదు. ఈ రెండూ పాటిస్తే భాష రాకపోయినా చాప వేసి కూర్చోబెడతారు.

ప్రశ్న: వచ్చే ఠాకురాణీ అమ్మవారి జాతరకి మా పన్నెండేళ్ళ పిల్లడు పులి వేషం వేస్తానని మొక్కుకున్నాడు. పోయినసారి మా పక్కింటి కుర్రాడికి రంగు వల్ల ఒళ్ళంతా దద్దుర్లొచ్చాయి. ఏం రంగు వాడాలి?
– ఒక తల్లి, బరంపురం

జవాబు: బుఢీ ఠాకురాణి జాతర రెండేళ్ళకోసారి చైత్రంలో మొదలవుతుంది, పోయినది 2025లో జరిగింది గనక మీకు సమయం ఉంది. దద్దుర్లకి కారణం చాలాసార్లు తలుపులకేసే ఎనామిల్ రంగు. చెమటకి కారదు, మెరుస్తుంది, అందుకని వాడతారు. కానీ దాన్ని తీయడానికి కిరోసిన్ పెట్టి రుద్దాలి, ఒళ్ళు మండేది అప్పుడే. పైగా ఏప్రిల్ ఎండలో ఒళ్ళంతా ఆ పూత ఉంటే చెమట బయటికి రాక వేడి లోపలే ఉండిపోతుంది. పన్నెండేళ్ళ పిల్లాడికి వద్దేవద్దు.

నీటితో కరిగే, చర్మానికని అమ్మే రంగులు కొనండి. ముందురోజు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత పూసి 24 గంటలు చూడండి. ఎర్రబడకపోతేనే పూయాలి. వేషం రోజున కొబ్బరినూనె పల్చగా రాసి, పావుగంట తర్వాత పొడి గుడ్డతో అద్ది, అప్పుడు పసుపు రంగు పూయండి. నూనె ఎక్కువైతే రంగు నిలవదు. పసుపు పూర్తిగా ఆరాకే నల్ల చారలు. చారలు వెన్నెముక దగ్గర లావుగా మొదలై పొట్టవైపు సన్నబడాలి, అడ్డంగా సమానమైన పట్టీలు వేస్తే పులి కాదు, జీబ్రా అవుతుంది. చంకలు, మోకాళ్ళ వెనక మడతలు వదిలేయండి, అక్కడ ఎలాగూ నిలవదు, ఒరుసుకుంటుంది. వీపు, ఛాతీకి రంగుకి బదులు పసుపు బనీను మీద చారలు వేసి తొడిగినా మొక్కుకి లోటు రాదని పెద్దలు ఒప్పుకుంటే అదే ఉత్తమం. వేషం మూడు గంటలు దాటనివ్వకండి, అరగంటకోసారి నీళ్ళు తాగించండి.

ప్రశ్న: సవర గిరిజనులు గోడల మీద వేసే సౌరా బొమ్మలంటే ఇష్టం. చెక్క పలక మీద జాజు పూసి బియ్యప్పిండితో వేస్తున్నాను. నెల తిరక్కుండా తెల్లరంగు పొడిగా రాలిపోతోంది. మా టీచరు ఇవి వార్లీ బొమ్మల్లా ఉన్నాయంటున్నారు. తేడా ఏమిటి?
– ఇంటర్ విద్యార్థిని, గుణుపురం

జవాబు: బియ్యప్పిండిలో పట్టు తక్కువ. మట్టిగోడ తడిని పీల్చుకుంటుంది గనక అక్కడ కాస్త నిలుస్తుంది, పైగా సవరల ఇళ్ళలో ఆ బొమ్మ, అంటే ఇడితాల్, ఏళ్ళతరబడి నిలవాలని వేసేది కాదు. జబ్బు చేసినప్పుడో, పంటకో, పితరుల కోసమో వేసి, మళ్ళీ అవసరం వచ్చినప్పుడు కొత్తగా వేస్తారు. పలక మీద మీకు కావలసింది వేరు. 100 గ్రాముల జాజుపొడికి 25 మిల్లీలీటర్ల ఫెవికాల్, సరిపడా నీళ్ళు కలిపి రెండు పూతలు వేయండి. ఆరాక వేలితో రుద్దితే ఎరుపు అంటకూడదు. అంటితే ఇంకో చెంచా ఫెవికాల్. నున్నగా మెరుస్తోందంటే ఎక్కువైంది, దానిమీద తెలుపు నిలవదు. సన్నటి ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది మెరుపు తీయండి. తెలుపుకి యాక్రిలిక్ రంగు కొంచెం నీళ్ళతో పల్చన చేసి వాడండి. కుంచె వద్దు, వెదురు పుల్ల రాత్రంతా నానబెట్టి కొన సెంటీమీటరు మేర నలగ్గొడితే చాలు. గీతకి ఆ ఎగుడుదిగుడు దాంతోనే వస్తుంది.

మీ టీచరు చెప్పింది ఆలోచించాల్సిన మాటే. మహారాష్ట్ర వార్లీలో మనిషి ఒళ్ళు రెండు త్రిభుజాలు, కొనలు కలిపి. సౌరా మనిషి పొడుగ్గా సాగి ఉంటాడు, త్రిభుజాల మొన అంత వాడిగా ఉండదు, ఆడా మగా తేడా కూడా అంత కనబడదు. అంతకన్నా పెద్ద తేడా పని చేసే వరసలో ఉంది. సౌరా బొమ్మకి ముందు నాలుగు వైపులా అంచు కట్టి, బయటి నుంచి లోపలికి నింపుకుంటూ వెళ్తారు. మధ్యలో ఒక చెట్టు వేసి చుట్టూ మనుషుల్ని పేర్చారంటే టీచరు అనుమానం నిజమే. మీకు సవరలుండే పుట్టాసింగి వైపు దగ్గర. ఇంటి లోపలి గోడ మీద ఉన్నది వాళ్ళకి దేవుడి చోటు, అడక్కుండా ఫోన్ తీయకండి. అంతదూరం వద్దనుకుంటే కోరాపుట్ గిరిజన మ్యూజియం జగన్నాథస్వామి గుడి పక్కనే ఉంది, పనిలో పనిగా చూడొచ్చు. ఒక్క సలహా: నిచ్చెనలు, ఏనుగులు, సూర్యచంద్రులతో పాటు సైకిలూ విమానమూ కూడా ఆ గోడల మీదకి ఎప్పుడో ఎక్కాయి. మీ ఊరి బస్సు వేయడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: జయపురంలో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నాం, ఒడియా మాట్లాడతాను గానీ చదవలేను. ఈ వయసులో లిపి వస్తుందా?
– రిటైర్డ్ ఉద్యోగి, జయపురం

జవాబు: మాట వచ్చినవారికి లిపి నెల రోజుల పని. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ వరస మనదే. కొత్తగా నేర్చుకోవలసిన ధ్వనులు దాదాపు లేవు, ళ కూడా ఉంది. హ్రస్వ ఎ, ఒ లేవు. చిక్కులు నాలుగే. మొదటిది గుణింతం: ఏత్వం అక్షరానికి ఎడమ పక్కన ముందే వస్తుంది, ఓత్వం రెండు పక్కలా చుట్టుకుంటుంది. మన కన్ను తలకట్టు పైన వెతుకుతుంది గనక తొలివారం అక్కడే తడబాటు. రెండోది, వ అనుకునేచోట ఎక్కువగా బ పలుకుతారు. మూడోది, య కి రెండక్షరాలు: ఒకటి జ లా పలుకుతుంది, రెండోదే అసలు య. నాలుగోది డ కింద చుక్క: చుక్క లేనిది గట్టి డ, చుక్క ఉన్నది నాలుక దొర్లించే డ. ఇక ఠ అంటే ఉత్త సున్న, మన ఠ లోని చుక్క తీసేసినట్టు. అకారాంతాన్ని ఒ వైపు గుండ్రంగా పలకడం మీకు నోటికి వచ్చిందే.

రెండు భాషల్లో రాసిన దుకాణం బోర్డులే మీ వాచకం. బస్టాండులో ఊళ్ళ పేర్లతో మొదలెట్టండి, పేరు ముందే తెలుసు గనక అక్షరం దానంతటదే దొరుకుతుంది. దినపత్రికలో పెద్దక్షరాల శీర్షికలు రెండో వారం. వత్తులు మాత్రం ముందే కంఠస్థం చేయకండి, క్ష, జ్ఞ లాంటివి అసలు అక్షరాల పోలిక లేకుండా ఉంటాయి, ఎదురైనప్పుడల్లా ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి.

ప్రశ్న: పర్లాకిమిడిలో కొన్న, కొమ్ముతో చేసిన కొంగ బొమ్మ మెడ వాలిపోయింది. సరిచేయొచ్చా?
– టి. ఎన్., రాయగడ

జవాబు: కిటికీ ఎండలోనో, వేడి తగిలే టీవీ మీదో పెట్టి ఉంటారు. కొమ్మును సెగ మీద మెత్తబరిచి వంచి చల్లార్చి ఆ ఆకారం తెస్తారు, మళ్ళీ వేడి తగిలితే వదులుతుంది. మెడ వరకు మాత్రం మరిగే నీళ్ళలో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, మందపాటి గుడ్డతో పట్టుకుని మెల్లగా నిలబెట్టి, అలాగే పట్టుకుని చల్లనీళ్ళలో ముంచండి. కాళ్ళు, రెక్కలు జిగురుతో అతికినవి, అవి నీళ్ళలో పడితే ఊడొస్తాయి. తర్వాత కొబ్బరినూనె చుక్కతో తుడవండి. పెట్టెలో దాచకండి, పురుగు కొమ్మునీ తింటుంది.

ప్రశ్న: బరంపురంలో తెలుగు పుస్తకాలు కావాలంటే ప్రతిసారీ విశాఖ వెళ్ళాల్సి వస్తోంది. తెప్పించుకుంటే కొరియర్ ఖర్చు పుస్తకం ధరంత అవుతోంది.
– డి. ఆర్., బరంపురం

జవాబు: తపాలా శాఖ 2025 మే 1 నుంచి పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ అనే సేవ నడుపుతోంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు గరిష్ఠంగా 100 రూపాయలు, పన్ను అదనం. రోడ్డు, రైలు మార్గాన వస్తుంది గనక తొందర పడకూడదు, ఎక్కడుందో నంబరుతో చూసుకోవచ్చు. పుస్తకం మీద ప్రచురణకర్త లేదా ముద్రాపకుడి పేరు ఉండాలి. వారపత్రికలు, మాసపత్రికలు ఇందులో పంపరు. అమ్మేవారిని అడిగి మరీ ఇలా పంపించమనండి, వాళ్ళంతట వాళ్ళు కొరియర్‌కే ఇస్తారు. ముగ్గురు, నలుగురు కలిసి ఐదు కిలోలు నింపితే పుస్తకానికి పడేది స్వల్పం. ఇప్పుడు దొరకని పాతవాటికి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకండి, భారత డిజిటల్ లైబ్రరీ స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఉన్నాయి. పేరు ఆంగ్ల లిపిలో రెండు మూడు రకాలుగా టైపు చేసి చూడాలి, అక్కడ అక్షరక్రమం ఒక పద్ధతిలో లేదు.

ప్రశ్న: శీతాకాలంలో చిలికాలో రంభ వైపు పక్షుల్ని చూడ్డానికి 20×50 బైనాక్యులర్ కొన్నాను. ఏదీ నిలకడగా కనబడదు.
– కె. బి., గోపాలపురం

జవాబు: 20 రెట్లు పెద్దది చేస్తే చెయ్యి వణుకూ 20 రెట్లు అవుతుంది, పడవలో మరీను. పైగా ముందు అద్దం వ్యాసం 50 మిల్లీమీటర్లు, దాన్ని 20తో భాగిస్తే 2.5, కంటికి చేరే వెలుగు వలయం అన్ని మిల్లీమీటర్లే, అందుకే పొద్దున మసకగా ఉంటుంది. 8×42లో అది 5 పైచిలుకు. మార్చుకునే వీలుంటే మార్చుకోండి. లేదంటే ఉన్నదాన్ని స్టాండు మీద బిగించి ఒడ్డునుంచే చూడండి, పడవలోకి తీసుకెళ్ళకండి.